పిన్నుకి తోడు ఎవరు? ట్రాన్సిస్టర్, మాస్‌ఫెట్, రిలే: ఏది మేలు?

మైక్రోకంట్రోలర్‌తో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న చిప్) ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమనిపించడం అయ్యాక ఎవరికైనా మనసు మోటారు మీదికో, పంపు మీదికో పోతుంది. అక్కడే మొదటి అడ్డు తగులుతుంది. ఆర్డుయినో ఉనో ఆర్3 బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ చిప్ ఒక్కో పిన్ను నుంచి హాయిగా ఇవ్వగలిగేది 20 మిల్లీఆంపియర్లు. 40 అనేది దాటకూడని గీత. చిన్న బొమ్మ మోటారు కూడా కదిలే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. పిన్ను ఆజ్ఞ ఇవ్వగలదు కానీ బరువు మోయలేదు. మోయడానికి మధ్యలో ఒకరు కావాలి.

ఆ మధ్యవర్తిగా ముగ్గురు ముందుకొస్తారు: మామూలు ట్రాన్సిస్టర్ (బీజేటీ), మాస్‌ఫెట్, రిలే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏది వాడాలని అడిగితే "రిలే పెట్టెయ్, టెన్షన్ ఉండదు" అని కొందరు, "ఈ రోజుల్లో బీజేటీ ఎందుకు, మాస్‌ఫెట్ కొట్టు" అని కొందరు చెబుతుంటారు. రెండు సలహాల్లోనూ లోడ్ (మనం నడపాలనుకునే మోటారో, లైటో) ఊసే లేదు. అది ఎంత కరెంటు లాగుతుంది, డీసీనా ఏసీనా, సెకనుకు ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ కావాలి, మన చేతిలో ఉన్న పిన్ను 5 వోల్టులదా 3.3 వోల్టులదా? ఈ నాలుగూ తెలియకుండా ఏది మేలో చెప్పడం కుదరదు.

ముగ్గురిలో వయసులో రిలే పెద్దది. జోసెఫ్ హెన్రీ 1835 నాటికే దాన్ని వాడి చూపించాడు. కాయిల్‌లో కరెంటు పారితే అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, రేకు కాంటాక్టును కలుపుతుంది. బీజేటీ, మాస్‌ఫెట్ రెండూ అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలోనే పుట్టాయి. మొదటి ట్రాన్సిస్టర్ 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటైన్‌ల చేతుల్లో పనిచేసింది, మరుసటి ఏడాది షాక్లీ జంక్షన్ ట్రాన్సిస్టర్‌ని ఆలోచించాడు. మాస్‌ఫెట్ 1959లో అటాలా, కాంగ్ చేతుల మీదుగా వచ్చింది. వాడేవాళ్లకు వీటి మధ్య తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, బీజేటీ ఆన్‌లో ఉన్నంతసేపూ బేస్ అనే కాలికి కరెంటు పోస్తూనే ఉండాలి. మాస్‌ఫెట్‌లో గేట్ అనే కాలికి వోల్టేజ్ చూపిస్తే చాలు, ఒకసారి నిండాక అది దాదాపు ఏమీ తాగదు.

మాటలకన్నా లెక్క నయం. 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు తీసుకునే ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంది, దాన్ని 5 వోల్టుల పిన్నుతో నడపాలి అనుకుందాం.

బీజేటీతో మొదలుపెడదాం. అందరి డబ్బాలోనూ ఉండే బీసీ 547 హద్దు 100 మిల్లీఆంపియర్లు, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయాలి. టీఐపీ 31 మూడు ఆంపియర్లు మోస్తుంది. కానీ అంత కరెంటు దగ్గర దాని గెయిన్ (బేస్ కరెంటుకి ఎన్ని రెట్లు మోయగలదో ఆ అంకె) 10కి పడిపోవచ్చు. అంటే బేస్‌కే 300 మిల్లీఆంపియర్లు కావాలి, పిన్ను ఇచ్చేది 20. ఇక మిగిలింది డార్లింగ్టన్ రకం, ఒకే ప్యాకేజీలో రెండు ట్రాన్సిస్టర్లు కలిసి ఉండే టీఐపీ 120. దీనికి బేస్‌లో 12 మిల్లీఆంపియర్లు చాలు, పిన్ను ఇవ్వగలదు. చిక్కు ఎక్కడంటే పూర్తిగా ఆన్ అయినప్పుడు కూడా దాని మీద ఒక వోల్టుకు అటూ ఇటూగా మిగిలిపోతుంది. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ఒప్పుకునే గరిష్ఠం 2 వోల్టులు. ఒక్క వోల్టే అనుకున్నా 3 ఆంపియర్ల దగ్గర 3 వాట్లు వేడిగా పోతాయి. ఆ టీఓ 220 ప్యాకేజీకి హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క) లేకపోతే ఒక్కో వాట్‌కి లోపలి చిప్ సుమారు 62 డిగ్రీలు వేడెక్కుతుంది. మూడు వాట్లకు 186 డిగ్రీలు, దాని మీద గది వేడి. చిప్ తట్టుకునే హద్దు 150. హీట్‌సింక్ లేకుండా ఇది కాలిపోతుంది.

అదే పనికి ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ అనే మాస్‌ఫెట్ పెడితే, గేట్ మీద 5 వోల్టులు ఉన్నప్పుడు దాని నిరోధం గరిష్ఠంగా 0.025 ఓమ్. 3 ఆంపియర్లను వర్గం చేసి దాంతో గుణిస్తే 0.225 వాట్. అదే ప్యాకేజీ, పెరిగే వేడి సుమారు 14 డిగ్రీలు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, హీట్‌సింక్ అక్కర్లేదు.

రిలేలో కాంటాక్టు మీద పోయేది లెక్కలోకి రాదు. కానీ చాలామంది కాయిల్‌ని మరచిపోతారు. చిన్న 5 వోల్టుల రిలే కాయిల్ నిరోధం 70 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే 71 మిల్లీఆంపియర్లు, 0.36 వాట్. స్ట్రిప్ వెలిగినంతసేపూ ఆ ఖర్చు ఉంటుంది. ఏ నష్టమూ లేదనుకునే రిలే ఇక్కడ మాస్‌ఫెట్ కన్నా ఎక్కువ పవర్ తింటోంది! పైగా ఆ 71 మిల్లీఆంపియర్లను పిన్ను మోయలేదు, రిలేని నడపడానికి మళ్లీ ఒక ట్రాన్సిస్టర్ కావాలి. ఇక స్ట్రిప్ వెలుగు తగ్గించాలంటే పీడబ్ల్యూఎం (చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ సగటును తగ్గించడం) కావాలి, ఉనోలో అది చాలా పిన్నుల మీద సెకనుకు సుమారు 490 సార్లు ఆన్-ఆఫ్ అవుతుంది. రిలే ఒక్కసారి కదలడానికే 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ పని దానితో కాదు.

ఈ లోడ్ వరకూ తీర్పు తేలిపోయింది, మాస్‌ఫెట్టే మేలు. అయితే మాస్‌ఫెట్ అనగానే కళ్లు మూసుకుని ఏదో ఒకటి తెచ్చి పెట్టేవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. నేనూ అందులో పడ్డాను కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

అప్పట్లో 3.3 వోల్టుల బోర్డుతో ఒక చిన్న నీళ్ల పంపు నడపాలనుకున్నాను. దగ్గర ఐఆర్‌ఎఫ్ 540ఎన్ ఉంది. డేటాషీట్ మొదటి పేజీలో 100 వోల్టులు, 33 ఆంపియర్లు, 0.044 ఓమ్ అని ఉంది. కింద పట్టికలో త్రెషోల్డ్ వోల్టేజ్ 2 నుంచి 4 వోల్టులు అని ఉంది. నా పిన్ను 3.3 ఇస్తోంది కదా, రెండు దాటింది కదా, సరిపోతుందనుకున్నాను. పంపు మూలుగుతూ తిరిగింది, మాస్‌ఫెట్ మీద వేలు పెట్టలేకపోయాను. పంపు పాడైందనుకుని దాన్ని విప్పి చూస్తూ ఒక పూట పోగొట్టుకున్నాను.

తప్పు పంపుది కాదు. త్రెషోల్డ్ అంటే మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకునే వోల్టేజ్ అని నేను అనుకున్నాను. అది అప్పుడే కదలడం మొదలయ్యే వోల్టేజ్. అదే వరుసలో పక్కన కొలిచిన పరిస్థితి కూడా రాసి ఉంటుంది: 250 మైక్రోఆంపియర్లు. అంటే ఒక మిల్లీఆంపియర్‌లో పావు వంతు పారే స్థితి. కుళాయి నుంచి మొదటి చుక్క రాలే చోటు అది, బిందె నిండే ధార కాదు. ఆ 0.044 ఓమ్ అనే అంకె గేట్ మీద 10 వోల్టులు ఉన్నప్పటిది. 3.3 వోల్టుల దగ్గర ఎంత ఉంటుందో ఆ డేటాషీట్ ఏ హామీ ఇవ్వదు. కొన్ని పీసులు అసలు ఆన్ కాకపోవచ్చు కూడా, ఎందుకంటే త్రెషోల్డ్ 4 వోల్టులు ఉన్న పీసు కూడా డేటాషీట్ ప్రకారం మంచిదే.

అందుకని మాస్‌ఫెట్ ఎంచుకునేటప్పుడు త్రెషోల్డ్ వైపు చూడకండి. ఆన్ నిరోధం రాసిన వరుసలో, ఏ గేట్ వోల్టేజ్ దగ్గర కొలిచారో అది చూడండి. మీ పిన్ను వోల్టేజ్ దానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్‌కి 4 వోల్టుల దాకా హామీ ఉంది, కాబట్టి 5 వోల్టుల బోర్డుకి నిక్షేపంలా పనికొస్తుంది. పేరులోని ఆ ‘ఎల్’ లాజిక్ లెవెల్‌కి, అంటే 5 వోల్టుల పిన్నుతోనే బాగా ఆన్ అయ్యే రకానికి గుర్తు. 3.3 వోల్టుల బోర్డుకి మాత్రం అది కూడా హామీ పరిధిలో లేదు. అక్కడ ఏఓ 3400 లాంటిది మంచిది, దాని నిరోధాన్ని 2.5 వోల్టుల దగ్గర కూడా రాసి ఇస్తారు. అయితే అది 30 వోల్టుల లోపు పనులకే, ప్యాకేజీ కూడా మిరియపు గింజ కన్నా చిన్నది, సోల్డర్ చేయడానికి చెయ్యి కుదురుగా ఉండాలి.

గేట్‌ని గాలిలో వదిలేయకూడదు. అది ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, బోర్డు బూట్ అయ్యేలోపు పిన్ను ఎటూ కాకుండా ఉన్నప్పుడు దానంతట అదే ఆన్ అయిపోగలదు. గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి, పిన్నుకీ గేట్‌కీ మధ్య 100 నుంచి 220 ఓమ్‌లది ఒకటి పెడితే ఆ భయం ఉండదు.

మరి బీజేటీ పని అయిపోయినట్టేనా? కానే కాదు. 100 మిల్లీఆంపియర్ల లోపు లోడ్‌లకు నేను ఇప్పటికీ దాన్నే తీస్తాను. చిన్న బజర్, కొన్ని ఎల్‌ఈడీలు, రిలే కాయిల్ లాంటివాటికి పెద్ద మాస్‌ఫెట్ ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. బేస్‌కి 0.7 వోల్టులు చాలు కాబట్టి 3.3 కాదు, 1.8 వోల్టుల పిన్ను కూడా దాన్ని హాయిగా ఆన్ చేస్తుంది. మాస్‌ఫెట్ తడబడే చోట ఇది నిలబడుతుంది. స్టాటిక్ కరెంటుకి గేట్ చిల్లు పడినట్టు దీనికి అంత సులువుగా పడదు.

కాకపోతే బేస్ రెసిస్టర్ లెక్క సరిగా కట్టాలి. బీసీ 547 గెయిన్ 200 అని చదివి, 71 మిల్లీఆంపియర్ల కాయిల్‌కి బేస్‌లో 0.36 మిల్లీఆంపియర్లు చాలని లెక్క కట్టేవాళ్లున్నారు. ఆ గెయిన్ యాంప్లిఫయర్‌గా వాడేటప్పటిది. స్విచ్‌గా వాడేటప్పుడు గెయిన్ 10 అనుకుని కరెంటు పొయ్యాలి, అప్పుడే అది శాచురేషన్‌లోకి (పూర్తిగా ఆన్ అయిన స్థితిలోకి) వెళ్లి తన మీద వోల్టేజ్‌ని తక్కువగా ఉంచుతుంది. అంటే 7 మిల్లీఆంపియర్లు. 5 వోల్టుల్లోంచి 0.7 తీసేసి 7 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 614 ఓమ్‌లు. దొరికేది 560, అదే పెట్టేయొచ్చు. 71 అనేది బీసీ 547 హద్దుకి కాస్త దగ్గరే కాబట్టి ఇంకొంచెం నిబ్బరం కావాలంటే 800 మిల్లీఆంపియర్ల బీసీ 337 వాడండి.

రిలే విషయానికొస్తే, ఇంటి మెయిన్స్ మీద నడిచే ఏసీ లోడ్‌కి అదే ముందు వరుసలో ఉంటుంది. మాస్‌ఫెట్ లోపల పుట్టుకతోనే ఒక డయోడ్ ఉంటుంది, వెనక్కి వచ్చే కరెంటును అది ఆపలేదు, కాబట్టి ఒంటరి మాస్‌ఫెట్ ఏసీని ఆఫ్ చేయలేదు. రిలేలో కాయిల్‌కీ కాంటాక్టుకీ మధ్య తీగ సంబంధమే లేదు, అటువైపు ఏం జరిగినా మన బోర్డుకి ఆ వోల్టేజ్ అంటదు. ఆ ఎడం ప్రాణానికి రక్ష కూడా. దాని ఆయుష్షు మాత్రం చూసుకోవాలి. చిన్న రిలేలకు పూర్తి లోడ్ మీద సుమారు లక్ష సార్లు అని రాస్తారు. రోజుకు నాలుగుసార్లు వేసే లైటుకి అది బోలెడు. నిమిషానికోసారి ఆన్ అయ్యే హీటర్‌కి 70 రోజులు కూడా రాదు. కాంటాక్టు మీద 250 వోల్టులు ఏసీ అని ఉంటే డీసీకి కూడా అంతే అనుకోకూడదు, అది సాధారణంగా 30 వోల్టులే. డీసీ ఎక్కడా సున్నాకి రాదు కాబట్టి కాంటాక్టు విడిపోయేటప్పుడు లేచిన నిప్పురవ్వ అంత సులువుగా ఆరదు.

మోటారు, కాయిల్ లాంటివి ఏదైనా లోడ్‌గా ఉంటే ముగ్గురికీ ఒకే జాగ్రత్త. ఆఫ్ చేసిన క్షణంలో కాయిల్ ఎదురు వోల్టేజ్ విసురుతుంది, అది ట్రాన్సిస్టర్‌ని చంపేస్తుంది, రిలే కాంటాక్టును కాలుస్తుంది. డీసీ లోడ్‌కి అడ్డంగా, గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా ఒక 1ఎన్ 4007 డయోడ్ పెట్టండి.

ఇంతా చేసి మీ ఎంపిక సరైనదో కాదో తేల్చుకోవడానికి మల్టీమీటర్ ఉంటే చాలు. లోడ్ పూర్తిగా ఆన్‌లో ఉండగా మాస్‌ఫెట్‌లో లోడ్ కరెంటు పారే రెండు కాళ్లు, డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య, బీజేటీ అయితే కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య వోల్టేజ్ కొలవండి. 3 ఆంపియర్ల స్ట్రిప్ మీద మంచి లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ 0.1 వోల్ట్ కూడా చూపించదు. నా పాత పంపు సర్క్యూట్‌లో అలా కొలిచినప్పుడు వోల్టులకు వోల్టులే మాస్‌ఫెట్ మీద నిలిచి కనిపించాయి. ఆ అంకె చూశాకే పంపుని మళ్లీ బిగించి, మాస్‌ఫెట్‌ని మార్చాను.