కార్క్‌స్క్రూ చిత్తడి అడవికి ఫిబ్రవరిలో వెళ్ళాలా, జూలైలోనా?

ఫ్లోరిడాలో నేపుల్స్‌కి దగ్గర్లో ఉన్న కార్క్‌స్క్రూ అడవికి ఎప్పుడు రమ్మంటారని మా వైపు వాళ్ళు తరచూ అడుగుతుంటారు. రంపాల పాలు కాకుండా 1954లో కాపాడుకున్న సైప్రస్ చెట్లు అవి. వందల ఏళ్ళ వయసున్నవి. నీళ్ళ మీదుగా 2.25 మైళ్ళ చెక్క బాట వేశారు. కాలు తడవదు.

నన్నడిగితే ఫిబ్రవరి. కారణం నీళ్ళు. నవంబరు నుంచి వానలు బాగా తగ్గుతాయి కాబట్టి అడవంతా పరుచుకున్న నీరు నెమ్మదిగా మడుగుల్లోకి తగ్గిపోతుంది. చేపలన్నీ అక్కడే ఇరుక్కుంటాయి. వాటి కోసం కొంగలు, వాటి పక్కనే అలిగేటర్లు. అంతర తామర పేరు మీద ‘లెట్యూస్ లేక్స్’ అని పిలిచే మడుగుల దగ్గర అరగంట కదలకుండా నిలబడండి, చాలు. వుడ్ స్టార్క్ అనే పెద్ద కొంగ సగం తెరిచిన ముక్కు నీళ్ళలో పెట్టి నడుస్తుంది. అది కంటితో వెతకదు. చేప తగిలితే సెకనులో 40వ వంతులో ముక్కు మూసేస్తుంది. గుంటూరు దగ్గర మన ఉప్పలపాడుకి వచ్చే పెయింటెడ్ స్టార్క్‌కి ఇది దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి.

ఇలా వేటాడే పక్షికి చేపలు కిక్కిరిసి ఉంటేనే పిల్లలకు సరిపడా తిండి దొరుకుతుంది. ఒకప్పుడు ఇక్కడ వేల గూళ్ళుండేవి. చుట్టుపక్కల లోతు తక్కువ పల్లాలు ఇళ్ళకీ పొలాలకీ పోయాక, ఒక్క గూడూ కట్టని ఏడాదులు వచ్చాయి. ఆ ఖాళీ కొమ్మలు చూస్తే గుండె బరువెక్కుతుంది.

చలికాలంలో ఒక లోటు ఉంది. సైప్రస్ ఆకు రాల్చేస్తుంది, కొమ్మల మీది ఫెర్న్ ముడుచుకుని గోధుమరంగుకి తిరుగుతుంది. పక్షులు బాగా కనిపించడానికి ఆ బోడి కొమ్మలే సాయం, కానీ మొక్కల కోసం వచ్చినవాళ్ళకి అడవి ఎండిపోయినట్టుంటుంది.

వాళ్ళు జూలైలో రావాలి. వాన పడిన కొన్ని గంటల్లోనే ఆ ఫెర్న్ మళ్ళీ పచ్చగా విచ్చుకుంటుంది. మన రావి మొక్క గోడ పట్టినట్టు స్ట్రాంగ్లర్ ఫిగ్ సైప్రస్‌ని చుట్టేసి ఉంటుంది. అన్నిటికన్నా ఘోస్ట్ ఆర్కిడ్! ఆకులే ఉండవు, పచ్చటి వేర్లే ఆకుల పని చేస్తాయి. బాట మీంచి కనిపించే మొక్కని 2007లో గుర్తించారు. ఎత్తైన కొమ్మ మీద తెల్లటి పువ్వు, గాల్లో తేలుతున్నట్టుంటుంది. టెలిస్కోప్ లేనిదే సరిగా కనపడదు. ఉక్కపోత మాత్రం భరించాలి. జంతువులు నీళ్ళంతటా చెదిరిపోతాయి కాబట్టి పిల్లలు త్వరగా విసుక్కుంటారు.

అమ్మానాన్నలనీ పిల్లలనీ తీసుకొస్తుంటే ఫిబ్రవరి చివర్లో పొద్దున్నే రండి, బైనాక్యులర్స్ మర్చిపోకండి. ఆర్కిడ్ కోసమే అయితే జూలైలో రండి, మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు కారు దగ్గరికి చేరండి.