ట్రెయిల్ కెమెరా రివ్యూ: నక్కకి ఓకే, ఎలుకకి కష్టమే

ట్రెయిల్ కెమెరా అంటే అడవిలో కట్టి వదిలేస్తే, ఎదురుగా జంతువు కదలగానే తనంతట తానే ఫొటో తీసేది. ముందే చెప్పేస్తున్నా, కెమెరా బాగుంది, కొనుక్కోవచ్చు. పెట్టె మీద వేటాడే జంతువుల బెడదని పట్టేస్తుందని రాశారు చూడండి, అది మాత్రం నమ్మకండి.

మేం దీన్ని ఆస్ట్రేలియా స్నోయీ మౌంటెన్స్‌లో వాలంటీర్లుగా వాడాం. అక్కడ బ్రాడ్ టూత్డ్ ర్యాట్ అనే అరుదైన ఎలుక ఉంటుంది. గుండ్రటి ముఖం, పొట్టి తోక, తిండి దాదాపు అంతా గడ్డే, చలికాలంలో మంచు అడుగున దారులు చేసుకుని తిరుగుతుంది. యూరప్ నుంచి తెచ్చి వదిలిన ఎర్ర నక్కలు, అడవిలో పడి బతుకుతున్న పిల్లులు దీన్ని నిజంగా దెబ్బతీస్తున్నాయా అన్నదే మా ప్రశ్న.

సెన్సర్ ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాని బట్టి పనిచేస్తుంది. నక్క కాస్త దూరంగా పోయినా ఫొటో పడుతుంది. ఎలుక చిన్నది కాబట్టి, అందులోనూ ఎండకి రాళ్లు కాగిన సాయంత్రాల్లో, తరచూ తప్పించుకుపోతుంది. మరీ దగ్గర పెడితే బొమ్మ మసక. రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లో రంగు తెలియదు, కాబట్టి ఇది మన ఎలుకా, అక్కడే తిరిగే బుష్ ర్యాటా అని ముఖం, తోక చూసి తేల్చుకోవాలి, అవీ సరిగ్గా పడకపోతే ఆ ఫొటో దండగే. గాలికి గడ్డి ఊగితే చాలు, కార్డు నిండా ఖాళీ ఫొటోలు.

అసలు ఎలుక ఉందో లేదో తెలుసుకోవడానికి దాని పెంటికలే నయం. లోపలంతా గడ్డి పీచు, తాజావైతే ఆకుపచ్చగా ఉంటాయి, పొద కింద గడ్డి పక్కకి తీస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇక సాక్ష్యం సంగతి. ఒకే చోట, ఒకే రాత్రి నక్క, ఎలుక రెండూ పడినా నక్క తినేసిందని కాదు. ఇవే కొండల్లో కెన్ గ్రీన్ అనే పరిశోధకుడు నక్కల మలం పరిశీలించి, బోనుల్లో పడే చిన్న జంతువుల్లో ఈ ఎలుక వాటా కంటే ఆ మలంలో దాని వాటా ఎక్కువగా ఉందని 2002లో చూపించారు. గట్టి ఆధారమే, కానీ తినడం వేరు, దానివల్ల జాతి తగ్గిపోవడం వేరు. గుర్రాలు తొక్కేసిన గడ్డి, కార్చిచ్చు కూడా ఈ ఎలుకకి ముప్పే కదా.

అది తేలాలంటే వేటాడే జంతువులు ఉన్న చోటూ లేని చోటూ పోల్చాలి. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆరిడ్ రికవరీ అనే రక్షిత ప్రాంతంలో కంచె లోపల స్థానిక ఎలుకలు బయటకంటే సుమారు 15 రెట్లు పెరిగాయి, అయితే అక్కడ పిల్లులు, నక్కలతో పాటు కుందేళ్లనీ తీసేశారు, కాబట్టి ఘనత దేనిదో విడదీయడం కష్టం. నా దృష్టిలో అంతకంటే బలమైనది ఉత్తర ఆస్ట్రేలియాలోని వోంగలారా అభయారణ్యంలో చేసిన, 2014లో వచ్చిన ప్రయోగం: పిల్లులు రాగలిగే ఆవరణల్లో వదిలిన ఎలుకలు అంతరించాయి, రాలేని వాటిలో నిలిచాయి. నక్కకీ మా ఎలుకకీ అలాంటి ప్రయోగం చేస్తే ఎంత బాగుండునో!

నా రేటింగ్ అయిదుకి నాలుగు. కొనేవాళ్లు లిథియం బ్యాటరీలే వేయండి, చలికి మామూలువి త్వరగా దిగిపోతాయి. నక్కల కోసం ఒకటి కాలిబాట మీద, ఎలుక కోసం ఇంకొకటి గడ్డిలో దాని దారికి మీటరున్నర దూరంలో పెట్టండి. మలం నమూనాలకి కవర్లు, చేతులకి గ్లవ్స్ మర్చిపోకండి.