ఎఫ్‌ఎక్స్6 మీద 28-135 జూమ్: బాగా వాడాక చెప్తున్న మాట

పాత న్యూస్ కెమెరాలు వాడినవాళ్లు సోనీ ఎఫ్‌ఎక్స్6 లాంటి పెద్ద సెన్సార్ (బొమ్మ పడే చిప్) కెమెరాకి మారగానే అడిగేది ఒకటే, ఇందులో అంత జూమ్ ఎందుకు రాదని. రాదండీ. ఆ కెమెరాల 2/3 అంగుళాల సెన్సార్ మూల నుంచి మూలకి 11 మిల్లీమీటర్లు, ఎఫ్‌ఎక్స్6లో ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 43. అంత వెడల్పుని నింపుతూ 20 రెట్ల జూమ్ ఇవ్వాలంటే లెన్స్ మోయడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి. అందుకే సోనీ 28-135 ఎఫ్4 పవర్ జూమ్‌లో, అంటే మోటారుతో జూమ్ అయ్యే లెన్స్‌లో, వచ్చేది ఐదు రెట్లలోపే. 28 నుంచి 135 అన్నది మిల్లీమీటర్లలో దాని జూమ్, ఎఫ్4 అన్నది లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. లెన్స్ 2014 నాటిది, ఎఫ్‌ఎక్స్6 కన్నా ఆరేళ్లు ముందుది. విజయవాడలో పెళ్లిళ్లు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో డాన్స్ ప్రోగ్రాములు, గుంటూరులో సభలు, నాకు ఎక్కువ భాగం దీంతోనే గడుస్తోంది.

కొనే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. 15 మీటర్ల దూరం నుంచి 135 పెడితే ఫ్రేమ్ వెడల్పు 4 మీటర్లు వస్తుంది. అంటే కూచిపూడి చేసే అమ్మాయి నిలువెల్లా కనిపిస్తుంది, అభినయం దగ్గర ముఖం మాత్రం అడగొద్దు. ముఖం కావాలంటే ట్రైపాడ్‌ని 6 మీటర్లకి జరపాలి, అప్పుడు నడుము పైనుంచి వస్తుంది. నిర్వాహకులు ముందు వరసల్లో చోటివ్వడానికి ఒప్పుకోరు, వాళ్ల బాధ వాళ్లది. లైవ్ హెచ్‌డీలోనే ఇస్తే చాలనుకుంటే ఎఫ్‌ఎక్స్6లో సూపర్ 35 మోడ్ వేయండి, సెన్సార్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది, 135 కాస్తా 200 దాటినట్టు పనిచేస్తుంది. 4కేలో ఆ మోడ్ లేదు.

ఇక దీని బలం అంటే జూమ్ చేసినా ఫోకస్ కదలకపోవడమే. టెలీలో (135 వైపు) ముఖం మీద ఫోకస్ పెట్టి వైడ్‌కి (28 వైపు) లాగినా అక్కడే ఉంటుంది. ఫొటో జూమ్‌లు చాలావాటిలో ఈ పని చేస్తే ఫోకస్ జారిపోతుంది, పైగా 3.5-5.6 రకం వాటిలో లాగేకొద్దీ చీకటి పడుతుంది. ఇది మొదటి నుంచి చివరిదాకా ఎఫ్4. హ్యాండిల్ మీది రాకర్‌ని (జూమ్ నడిపే మీటని) మెల్లగా నొక్కితే పల్లవి మొదలయ్యి ముగిసేదాకా సాగే జూమ్ వస్తుంది, చేత్తో రింగు తిప్పి అలా చేయడం నా వల్ల కాదు.

ఎఫ్4 అంటే చీకటిగా ఉండదా అంటారు. ఎఫ్‌ఎక్స్6లో తక్కువ వెలుతురు కోసం రెండో బేస్ ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) 12,800 ఉంది కాబట్టి స్టేజీ లైట్లకి నాకెప్పుడూ టెన్షన్ లేదు. టెన్షనంతా ఫోకస్‌తోనే. 135లో ఎఫ్4 అంటే, అదే ఫ్రేమ్‌కి న్యూస్ కెమెరాలో ఎఫ్1 పెట్టినంత పలచటి ఫోకస్. ముక్తాయింపు దగ్గర నర్తకి రెండడుగులు ముందుకేస్తే ముఖం ఫోకస్ తప్పి మసకబారుతుంది. అందుకే డాన్స్‌కి ఎఫ్5.6 కన్నా ఎక్కువ తెరవను. సినిమా లుక్ కావాలని ఎవరైనా గొడవపడితే, ఆ లుక్ సోలోకి పనికొస్తుంది, బృంద నృత్యానికి కాదని చెప్తా.

పెళ్లి మండపంలో దీని సంగతి వేరు. 1.2 కిలోల బరువు, గింబల్ (కుదుపు రాకుండా కెమెరాని పట్టే చేతి స్టాండ్) మీద నరకం. ఇరుకు మండపంలో తలంబ్రాలకి 28 చాలదు, అక్కడ 2022లో వచ్చిన 16-35 పవర్ జూమ్ నయం, అది 353 గ్రాములే. ఇంకొకటి, 28-135లో జూమ్ రింగు తిప్పినా తిరిగేది మోటారే, కాబట్టి ఠక్కున జూమ్ కొట్టే అలవాటున్నవాళ్లకి నచ్చదు. వాళ్లకి ఫుజినాన్ 18-55 టీ2.9 నచ్చుతుంది, అన్నీ చేతి రింగులే, కిలో లోపు బరువు. కానీ అది చిన్న సెన్సార్‌కి చేసిన సూపర్ 35 లెన్స్, ఎఫ్‌ఎక్స్6 ఫుల్‌ఫ్రేమ్‌లో మూలలు నల్లబడతాయి. సూపర్ 35 సెన్సార్ ఉన్న సోనీ ఎఫ్‌ఎక్స్30 వాడేవాళ్లు నిశ్చింతగా చూడొచ్చు.

జూమ్ చేసినా లెన్స్ పొడవు మారదు, గుంటూరు మిర్చి యార్డు దుమ్ములో తిరిగేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ముందు 95 మిల్లీమీటర్ల ఫిల్టర్ పడుతుంది, ధర చూసి గుండె ఆగొద్దు, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కెమెరాలోనే ఉంది కాబట్టి ఒక్క యూవీ గ్లాస్ చాలు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే రాకర్‌ని అన్నిటికన్నా నెమ్మది వేగంలో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి రికార్డ్ చేయండి. ఎక్కడైనా కుదుపు కనిపిస్తే ధర తగ్గించమని అడక్కండి, వదిలేయండి.