అగ్గిపుల్లలు, వాల్వ్ ట్యూబ్: పిల్లల పుస్తకం అంటే ఇలా ఉండాలి

మా పాపకి ఏడేళ్లు. కలరింగ్ బుక్స్ కొనీ కొనీ విసుగొచ్చింది, గీతల లోపల రంగు నింపడం తప్ప సొంతంగా చేసేదేం ఉండదు వాటిల్లో. అప్పుడు చేతికందే సామాన్లతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారి పుస్తకాలు పట్టుకున్నా. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీర్, 2018లో పద్మశ్రీ వచ్చింది, ఆయన వెబ్‌సైట్‌లో పుస్తకాలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, తెలుగులో కూడా ఉన్నాయి.

అగ్గిపుల్లల మోడల్స్‌తో మొదలెట్టాం. సైకిల్ వాల్వ్ ట్యూబ్ (చక్రానికి గాలి కొట్టే వాల్వ్‌కి తొడిగే సన్నటి రబ్బరు గొట్టం) చిన్న ముక్కలుగా కోసి, మందు గీకేసిన పుల్లలు రెండు వైపులా గుచ్చితే జాయింట్ రెడీ. మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా కదల్లేదు, నాలుగు పుల్లల చతురస్రం మాత్రం వెంటనే పక్కకి ఒరిగిపోయింది, మధ్యలో ఏటవాలుగా ఇంకోటి పెడదామా నాన్నా అని తనే అడిగింది, పెడితే, మూల నుంచి మూలకి పుల్ల పొడవు చాలక చతురస్రం కాస్తా పక్కకి ఒరిగి రెండు త్రిభుజాలు అయ్యి గట్టిగా నిలబడింది, నాకైతే భలే సంతోషమేసింది. కరెంటు టవర్లలో అన్ని త్రిభుజాలెందుకో అప్పుడు చెప్పా.

ఒక్కటే ఇబ్బంది, ఆ ట్యూబ్ మా దగ్గర కొత్త షాపుల్లో దొరకలేదు, పాత సైకిల్ రిపేర్ షాపులో దొరికింది. బ్లేడు పని మాత్రం పెద్దవాళ్లే చెయ్యండి. ఇంకా చిన్నపిల్లలైతే న్యూస్‌పేపర్ టోపీలు చేయించండి, కత్తెర కూడా అక్కర్లేదు.