యేగర్ సాస్ ప్యాకెట్: పుట్టగొడుగులూ మనవే, క్రీమూ మనదే

ఇలాంటి ప్యాకెట్లు కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకూడదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. యేగర్‌ష్నిట్జెల్ అనే జర్మన్ మాంసం వంటకం సాస్ కోసమని నేను తెచ్చిన పొడి ప్యాకెట్ మీద బంగారు రంగు ష్నిట్జెల్, దాని పక్కన నిగనిగలాడే పుట్టగొడుగుల సాస్, పైన పార్స్లీ ఆకులు. వెనక్కి తిప్పితే మనం విడిగా తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా: నాలుగు మాంసం ముక్కలు, 250 గ్రాముల పుట్టగొడుగులు, 100 మిల్లీలీటర్ల క్రీమ్, రెండు చెంచాల నూనె. మాంసం మనది, పుట్టగొడుగులు మనవి, క్రీమ్ మనది, పొయ్యి సరేసరి. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అదే ఇది. కంపెనీ పేరు చెప్పను. జర్మనీలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ఇలాంటివి ఒక వరస నిండా వేలాడుతుంటాయి, వాటి తీరూ దాదాపు ఒకటే. ధర సుమారు ఒక యూరో.

ఈ వంటకం తెలియనివారికి రెండు ముక్కలు. మాంసాన్ని పలచగా సాగగొట్టి, వేయించి, పుట్టగొడుగులు వేసిన క్రీమ్ సాస్‌తో వడ్డిస్తే అది యేగర్‌ష్నిట్జెల్. మేముండే స్టుట్‌గార్ట్ వైపు పక్కన ష్పేట్స్లె పెడతారు, గుడ్లు కలిపిన మెత్తటి పిండితో చేసే నూడుల్స్ అవి. అయితే ఇదంతా పశ్చిమ జర్మనీ మాట. పాత తూర్పు జర్మనీ ప్రాంతంలో, ముఖ్యంగా ఆఫీసు క్యాంటీన్లలో, అదే పేరుతో వచ్చేది వేరే పదార్థం. యాగ్ట్‌వుర్స్ట్ అనే లావుపాటి సాసేజ్‌ను చక్రాలుగా కోసి, రొట్టె పొడి అద్ది వేయించి, టమాటా సాస్‌తో నూడుల్స్ పక్కన పెడతారు. లైప్‌జిగ్‌లో ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది.

ఇక ప్యాకెట్‌లో ఏముంది? యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలి. పేరులోనో బొమ్మలోనో గొప్పగా చూపించిన పదార్థం ఎంత శాతం ఉందో కూడా ముద్రించాలి. నా ప్యాకెట్ మీద మొదటి వరసలో ఉన్నవి స్టార్చ్, పిండి, ఉప్పు, పామాయిల్. ఆ తరువాత రుచి పెంచడానికి వేసే ఈస్ట్ సారం, చక్కెర, ఉల్లి పొడి. పుట్టగొడుగుల శాతం ఒక్క అంకెతో సరిపోయింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, దాచకుండా రాశారు. కానీ ఆ జాబితాలో మన వంటింట్లో లేనిది ఈస్ట్ సారం ఒక్కటే. మిగిలిన వాటికి డబ్బా మూత తీస్తే చాలు.

అయినా చదివి తీర్పు చెప్పడం న్యాయం కాదని పక్కపక్కన రెండు పొయ్యిల మీద చేసి చూశాను. ఒకే బుట్టలోని పుట్టగొడుగులు, ఒకే క్రీమ్. ఒకదానిలో ప్యాకెట్ పొడి నీళ్లలో కలిపి పోశాను. రెండోదానిలో ఉల్లిపాయ, చెంచాడు మైదా, ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు. ప్యాకెట్ సాస్ రెండు నిమిషాల్లో చిక్కబడింది. ఎక్కడా ఉండ కట్టలేదు, విరగలేదు. గరిటె ముంచి తీస్తే వెనక వైపు సమానంగా పూత పూసినట్టు అంటుకుంది. పళ్లెంలోకి వచ్చి కాస్త చల్లారేసరికి మాత్రం పైన తోలు కట్టింది. చెంచాతో ఒక పక్కకు తోస్తే ఆ తోసినచోటే నిలబడిపోయింది. రుచి చూస్తే ముందు ఉప్పు తగిలింది, తరువాత ఏ పొడి సూప్ తాగినా నాలుక మీద మిగిలే ఆ వాసన. పుట్టగొడుగు ముక్కను నమిలినప్పుడు తప్ప పుట్టగొడుగు జాడే లేదు. రెండో గిన్నెలోది కాస్త పలచన, రంగు కూడా అంత అందంగా లేదు, బూడిద కలిసిన గోధుమ రంగు. కానీ మూత తీయగానే వంటిల్లంతా వాన వెలిసిన అడవి వాసన.

మా అత్తగారు వేసవికి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. గుంటూరు పక్క పల్లె ఆవిడది. తొలకరి తరువాత పుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగులు ఏరుకొచ్చి వండిన చెయ్యి. ఏది ఏదో చెప్పకుండా రెండూ రుచి చూపించాను. మొదటిది నాలుకకు రాసుకుని, "అమ్మాయ్, ఇందులో పుట్టగొడుగు ఉందా, పుట్టగొడుగు కబురు ఉందా?" అన్నారు. రెండోదానికి ఏమీ అనలేదు, గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

ప్యాకెట్ పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. హాస్టల్లో ఒకే గిన్నె, ఒకే ప్లేటు ఉన్న విద్యార్థికి అది పనికొస్తుంది. కొన్నింటిమీద శాకాహారం అన్న గుర్తు ఉంటుంది కాబట్టి మాంసం రసం కలిసిందేమో అన్న అనుమానం ఉండదు. ఒకవేళ కొన్నా, సగం పొడి మాత్రమే వేసి పుట్టగొడుగులు రెట్టింపు చేయండి. ఉప్పు దానంతట అదే దారికి వస్తుంది.

డబ్బు పెట్టవలసింది పుట్టగొడుగుల మీద. షాంపిన్యోన్ అంటే మామూలు బటన్ పుట్టగొడుగులు, వాటిలో తెల్లవాటి కంటే గోధుమ రంగువి గట్టిగా ఉంటాయి, వాసనా ఎక్కువ. నలుగురికి 400 గ్రాములు. పుట్టగొడుగుల్లో పదింట తొమ్మిది వంతులు నీరే. అందుకే ఇరుకు గిన్నెలో కుప్పగా పోస్తే అవి వేగవు, వాటి నీళ్లలో అవే ఉడుకుతాయి. వెడల్పు పెనం బాగా కాలనిచ్చి, నూనె లేకుండా ఒక పొరగా పరిచి, కదపకుండా వదిలేయాలి. ముందు కీచుకీచుమంటాయి, తరువాత నీరు ఊరుతుంది, ఆ నీరంతా ఇగిరి మళ్లీ చిటపట మొదలవుతుంది. అప్పుడు వెన్న వేయాలి, ఉప్పు ఆ తరువాతే. అంచులు ఎర్రబడి ముక్క సగానికి ముడుచుకున్నాక ఉల్లిపాయ తరుగు వేసి మగ్గించి, చెంచాడు మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా తిప్పాలి. పెనం అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరలోనే అసలు రుచి ఉంటుంది. దాన్ని గీకి కలపడానికే నీళ్లు పోయడం. ఆ నీళ్లు ఏమిటన్నది ముఖ్యం. స్టాక్ క్యూబ్ కరిగించి పోస్తే ప్యాకెట్‌ను దొడ్డిదారిన లోపలికి పిలిచినట్టే, అదీ ఉప్పూ ఈస్ట్ సారమే. ఎండు ష్టైన్‌పిల్ట్స్ అనే అడవి పుట్టగొడుగులు చిన్న సంచుల్లో దొరుకుతాయి. పది గ్రాములు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఇసుక దిగేలా పలచటి గుడ్డలో వడగట్టి ఆ నీళ్లు పోయండి. ధర చురుక్కుమంటుంది గానీ ఒక సంచి నెలల తరబడి వస్తుంది.

వేసవిలో అయితే స్టుట్‌గార్ట్ నడిబొడ్డున మంగళ, గురు, శనివారాల్లో జరిగే సంతకు వెళ్లి ఫిఫర్‌లింగె అనే అడవి పుట్టగొడుగులు తెచ్చుకోవచ్చు. పసుపు రంగులో, గొడుగు తిరగేసినట్టు ఉంటాయి. చెట్ల వేళ్లతో కలిసి బతికే జాతి కాబట్టి షాంపిన్యోన్‌లా షెడ్డుల్లో పెంచడం కుదరదు. జర్మనీలో వీటిని అమ్మకానికి ఏరడం నిషిద్ధం, ఇంటి మట్టుకు కొద్దిగా ఏరుకోవచ్చు. కాబట్టి సంతలో ఉన్నవి చాలావరకు తూర్పు యూరప్ నుంచి వచ్చినవే. వీటి మడతల్లో మట్టి ఉంటుంది, కుంచెతో దులపాలి. కుళాయి కింద పెట్టి కడగాలనిపిస్తుంది, మన చేతులకు అలవాటు. కడిగితే మాత్రం వెంటనే గుడ్డ మీద ఆరబెట్టండి, నానబెట్టవద్దు.

క్రీమ్ విషయంలో కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడతారు, డబ్బాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ష్లాగ్‌జానెలో కొవ్వు 30 శాతానికి తగ్గదు, ఉడికినా విరగదు, ఈ సాస్‌కు అదే సరైనది. కోహ్‌జానెలో కొవ్వు దానిలో సగమే ఉంటుంది. విరగకుండా చిక్కదనం ఇచ్చే పదార్థాలు కలుపుతారు కాబట్టి పని నడుస్తుంది, రుచి చప్పగా ఉంటుంది. పుల్లటి జౌరె జానె మరుగుతున్న సాస్‌లో వేస్తే మజ్జిగ విరిగినట్టు విరుగుతుంది. 200 మిల్లీలీటర్ల ష్లాగ్‌జానె పోసి, ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, అర చెంచా ఆవపిండి ముద్ద, దంచిన మిరియాలు, దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం, పార్స్లీ. ఇంతే. వైట్ వైన్ పోసేవాళ్లు క్రీమ్‌కు ముందు పోసి ఇగరనిస్తారు. పోయకపోతే సాస్ ఏమీ అలగదు.

ష్నిట్జెల్‌కు మేము టర్కీ కోడి మాంసం వాడతాం. పూటెన్‌ష్నిట్జెల్ అని పలచగా కోసి అమ్ముతారు. ఆ పలచదనం చాలదు. ప్లాస్టిక్ కవరు మధ్య పెట్టి అర సెంటీమీటరు మందం వచ్చేదాకా సాగగొట్టాలి. ముళ్ల సుత్తి వద్దు, పీచు చిరిగిపోతుంది. అప్పడాల కర్ర పక్కతో కొడితే చక్కగా సాగుతుంది. ఆదివారం మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ రోజు ఇళ్లలో చప్పుడు చేయకూడదన్న నియమం ఇక్కడ గట్టిది. కింది ఇంటివాళ్లకు అది వంటో, గోడకు మేకులు కొట్టడమో తెలియదు. శనివారమే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను.

రొట్టె పొడి రెండు రకాలుగా దొరుకుతుంది. సూపర్‌మార్కెట్ అట్టపెట్టెలోది ఇసుకలా సన్నగా, అన్నీ ఒకే సైజులో ఉంటుంది. బేకరీలో అమ్ముడుపోని బ్రెడ్ రోల్స్ ఎండబెట్టి మర పట్టినది ఇంకొకటి, కాగితపు సంచిలో ఇస్తారు. అడిగితేనే చూపిస్తారు. గరుకుగా, హెచ్చుతగ్గులుగా ఉంటుంది. వేయించాక కరకరలో తేడా మొదటి ముక్కకే తెలుస్తుంది. మైదా, గిలకొట్టిన గుడ్డు, తరువాత ఈ పొడి. ఒత్తవద్దు. పొడి వదులుగా అంటుకుని ఉంటేనే వేడికి లోపల ఆవిరి పుట్టి పైపొర అలలు అలలుగా ఉబ్బుతుంది. అద్దిన వెంటనే వేయించాలి, ఆగితే తడి పైకొచ్చి పొర జావలా అవుతుంది.

వేయించడానికి బుట్టర్‌ష్మాల్ట్స్. పేరు చూసి బెదరకండి, మన నెయ్యే. ఇక్కడి తెలుగు ఇళ్లలో నేతి డబ్బా అంటే చాలాచోట్ల ఇదే. మనలా ఎర్రగా కాచరు గనక కమ్మదనం తక్కువ, వేడికి మాత్రం తట్టుకుంటుంది. ముక్క తేలేటంత పోసి, 170 డిగ్రీల దగ్గర, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. పెనాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉంటే వేడి నెయ్యి పైకి ఎగిసి పైపొరను తడుపుతుంది. ఉబ్బు అప్పుడే వస్తుంది.

సాస్ పైన పోయాలా, పక్కన పెట్టాలా? యేగర్‌ష్నిట్జెల్‌కు రొట్టె పొడే అద్దకూడదు, మాంసాన్ని ఊరికే వేయించి సాస్‌లో వేయాలి అనే పాతకాలపు వంటవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. కానీ అంత కష్టపడి కరకరలాడే పొర తెచ్చాక దాని మీద సాస్ పోసే హోటళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో సాస్ విడిగా గిన్నెలో వస్తుంది.

హోటల్లో తినేవాళ్లకు ఒక మాట. చికెన్ ష్నిట్జెల్ అడిగినంత మాత్రాన పంది మాంసం తప్పించుకున్నట్టు కాదు. ఈ సాస్‌లో ష్పెక్ అనే పొగబెట్టిన పంది మాంసం ముక్కలు వేయడం మామూలే. సాస్ కూడా మాంసం ఉడికించిన స్టాక్‌తో చేసినదై ఉండవచ్చు. తినని అలవాటున్నవాళ్లు సాస్ సంగతి విడిగా అడగాలి, అడిగితే నిజం చెబుతారు.

మిగిలిన సాస్ పారేయనక్కరలేదు. పుట్టగొడుగుల వంటను మళ్లీ వేడి చేయకూడదని ఇక్కడి పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు, అది ఫ్రిజ్‌లు లేని రోజుల జాగ్రత్త. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు 70 డిగ్రీలు దాటేలా అడుగు దాకా వేడి చేస్తే ఇబ్బంది లేదు. పిల్లలు దాన్ని ష్పేట్స్లెలో కలుపుకుంటారు. అత్తగారు మాత్రం వేడి అన్నంలోకే పోసుకుంటారు, పైన ఇంకాస్త మిరియాల పొడి చల్లుకుని.