పరవూరు సినగాగ్: కొచ్చి వెళ్తే ఒక పూట ఇటు కూడా

కొచ్చి వెళ్లినవాళ్లంతా మట్టాంచేరిలో యూదుల సినగాగ్ (ప్రార్థనా మందిరం) చూసి, ఆ పక్క కొట్లలో మిరియాలు, యాలకులు కొనుక్కుని వచ్చేస్తారు. పోయినసారి మేమూ అంతే. ఈసారి ఒక పూట మిగుల్చుకుని, అక్కడి సినగాగ్ చూడటానికి ఉత్తర పరవూరు వెళ్లాం. ఎర్నాకుళం నుంచి బస్సులో గంట పైనే పట్టింది.

బైబిల్లో ‘సమాజమందిరం’ అని చదువుతామే, అదే ఇది. కానీ సున్నం గోడలు, పెంకుల కప్పు చూస్తే పాతకాలపు పెద్దింటివారి లోగిలిలా ఉంది. 1616లో డేవిడ్ యాకోబ్ కాస్టియెల్ కట్టించినట్టు శిలాఫలకం చెబుతోంది. 1950లలో ఇక్కడి యూదులు ఇజ్రాయెల్ వెళ్లిపోయాక మూతపడింది. ఈ ప్రాంతపు ప్రాచీన రేవు ముజిరిస్ పేరిట పెట్టిన వారసత్వ పథకం కింద బాగుచేసి మ్యూజియం చేశారు.

నన్ను ఆపేసింది దీని పొడవు. వాకిట్లో నిలబడితే ప్రార్థన గది కనిపించదు. ముందు రెండంతస్తుల ద్వారం, తర్వాత స్తంభాల నడవా, అది దాటాకే మందిరం. నడవా మీద ఇంకో దారి ఉంది. ఆడవాళ్లు కిందికి దిగకుండా ఆ పైదారినే తమ గదికి చేరేవారట. మా ఆవిడ అక్కడే ఆగి, "మనకి పెరటి దారి, వీళ్లకి మేడ దారి" అంది.

లోపల నడుమ ఒక వేదిక, పైన ఆడవాళ్ల గదికి ముందు మరో వేదిక. పండగలకి ధర్మశాస్త్రం (యూదుల తోరా) పైనుంచే చదివేవారు. ఇలా రెండు వేదికలు ఉండటం కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత. ధర్మశాస్త్రపు చుట్టలు దాచే చెక్క మందసం మాత్రం నకలే, అసలుది జెరూసలేం మ్యూజియంలో ఉంది. కొత్త రంగు కొంచెం కొట్టొచ్చినట్టుంది, నాకు నచ్చలేదు.

అక్కణ్ణుంచి ఆటోలో చేందమంగళం ఊరు దగ్గరే. అక్కడి సినగాగ్ చిన్నది. బయట 1269 నాటి సారా అనే ఆమె సమాధి రాయి, దాని మీద హీబ్రూ అక్షరాలు. ఇంత పాత హీబ్రూ శాసనం మన దేశంలో ఇంకోటి లేదంటారు. ఒక్కటే చూసే టైముంటే మాత్రం పరవూరే చూడండి.

బస విషయం: పరవూరు దగ్గర ఒక హోమ్‌స్టేలో దిగాం. అప్పం, కడల (నల్లశనగల) కూర బ్రహ్మాండం. వేడినీళ్లు మాత్రం రెండు పొద్దులూ రాలేదు, అడిగితే "ఇప్పుడే వస్తాయి" అన్నారు. మళ్లీ వెళ్తే ఎర్నాకుళంలోనే ఉండి పొద్దున్నే బస్సెక్కుతాం.