ఫ్లూ చావులు, మహమ్మారి చావులు: ఏ లెక్కతో పోలిస్తే మేలు?

"మామూలు ఫ్లూతో కూడా ఏటా లక్షల మంది పోతారు కదా, మరి కోవిడ్‌కి అంత హడావుడి ఎందుకు చేశారు?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మొదటి సగం నిజమే. సీజనల్ ఫ్లూ తెచ్చిపెట్టే శ్వాసకోశ సమస్యలతో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చిక్కంతా ఆ 'అంచనా' అన్న మాట దగ్గరే ఉంది.

ఫ్లూతో పోయినవాళ్లలో చాలామందికి అసలు టెస్టే జరగదు, కాగితం మీద న్యుమోనియా అనో గుండెపోటు అనో పడుతుంది, అందుకే నిపుణులు గణితంతో లెక్క కడతారు. కోవిడ్‌కి మనం రోజూ టీవీలో చూసింది మాత్రం రికార్డుకెక్కిన చావులు, ఇప్పుడు 70 లక్షలు దాటిన అంకె అదే. ఒకవైపు అంచనా, ఇంకోవైపు నమోదైన లెక్క! ఈ రెండింటికీ ఎంత దూరమో 2009 స్వైన్ ఫ్లూలో చూడొచ్చు: ల్యాబ్‌లో తేలిన మరణాలు సుమారు 18,500, తర్వాత వేసిన అంచనా 1.5 లక్షల నుంచి 5.75 లక్షలు.

కాబట్టి నా ఓటు 'అదనపు మరణాల' లెక్కకే, అంటే మామూలుగా ఉండాల్సిన వాటికంటే ఎన్ని ఎక్కువయ్యాయో చూడటం. 2020, 2021 రెండేళ్లకు కలిపి అది దాదాపు 1.49 కోట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇందులో సమయానికి వైద్యం దొరక్క పోయినవాళ్లూ ఉన్నారు, అది ఈ లెక్కలో లోపమే, ఒప్పుకుంటాను. అయినా ఏడాదికి చూస్తే ఫ్లూ గరిష్ఠ అంచనాకి పదకొండు రెట్లు, అదీ లాక్‌డౌన్లు, మాస్కులు ఉండగా (అవే రోజుల్లో ఫ్లూ దాదాపు కనపడకుండా పోయింది).

అయితే అన్ని మహమ్మారులూ ఒకటి కాదు. 1918 నాటి ఫ్లూ మహమ్మారి సుమారు 5 కోట్ల మందిని తీసుకుపోయిందంటారు, అప్పటి ప్రపంచ జనాభా 200 కోట్లు కూడా లేదు. 1968 నాటి ఫ్లూ మహమ్మారి సుమారు 10 లక్షల మందిని. 2009దైతే అంకెలో మామూలు ఫ్లూ ఏడాదిలాగే ఉంటుంది, కానీ పోయినవాళ్లలో దాదాపు 80 శాతం 65 ఏళ్లు నిండనివాళ్లు, మామూలు ఫ్లూకి ఎక్కువగా బలయ్యేది ముసలివాళ్లు. ఎంతమంది అన్నదొక్కటే చూస్తే ఈ తేడా కంటికే ఆనదు.

ఇంకో తమాషా, ఆ 2009 వైరస్ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు సీజనల్ ఫ్లూలో కలిసిపోయి తిరుగుతోంది, దానివల్ల పోయేవాళ్లని సీజనల్ ఫ్లూ ఖాతాలోనే రాస్తున్నారు.